భుజానికెత్తుకునే పడవ

గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పారే పెన్న, ఏడాదిలో చాలాకాలం ఇసుకా బండలే. శ్రీశైలం నీళ్లు గాలేరు-నగరి కాలువలో అవుకు మీదుగా వచ్చి 26.85 టీఎంసీల జలాశయంలో చేరడం ఈ తరం ముచ్చట. ఇలాంటి ఏటి మీద బరువైన పడవ కట్టుకుని ఏం లాభం? వరద తీయగానే మోసుకుపోగలిగేది కావాలి. రాయలసీమ ఏర్లకు బుట్టలాంటి గుండ్రటి పుట్టి అందుకే కుదిరిందని నా నమ్మకం.

పుట్టిది పాత వంశం. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర దాటించే గుండ్రటి పడవల గురించి రాశాడు. లోపల పేము, బయట తోలు, పదిహేను ఇరవై మంది పట్టేవి. తిన్నగా పోలేక తిరుగుతూనే ఉంటాయనీ గమనించాడు. 1652లో మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకే వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే కూడా ఎద్దుతోళ్లు తొడిగిన బుట్ట పడవల్ని తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. తోలు పోయి టార్పాలిన్, తారు వచ్చాయి. ఇప్పుడు ఫైబర్ పుట్టీలూ ఉన్నాయి. వెదురు బద్దల అల్లిక మాత్రం మొన్నమొన్నటిదాకా మారలేదు.

రెండు మీటర్ల వెడల్పున్న పుట్టి అడుగు వైశాల్యం దాదాపు 3.14 చదరపు మీటర్లు. అది ఒక్క సెంటీమీటరు మునిగితే 31 లీటర్ల నీరు పక్కకు జరుగుతుంది. అంటే 62 కిలోల మనిషి ఎక్కినా మునిగేది రెండు సెంటీమీటర్లే! మోకాటి లోతు నీళ్లలోనూ, బండల మీదుగానూ అది జారిపోయే రహస్యం ఇదే. రాయి తగిలితే వెదురు వంగి మళ్లీ లేస్తుంది. తిన్నగా నడవకపోవడం దీనికి మనం చెల్లించే మూల్యం.

తిన్నగా నడిచే తేలికైన పడవ కోసం అమెరికాలోనూ తపన పడ్డారు. చెరువుకూ చెరువుకూ మధ్య పడవను భుజాన మోయాల్సిన అడిరాండాక్ అడవుల్లో తిరగడానికి, జార్జ్ వాషింగ్టన్ సియర్స్ అనే బక్కపలచని రచయిత కోసం 1883లో రష్టన్ అనే పడవల శిల్పి తొమ్మిదడుగుల సెడార్ పడవ చేసిచ్చాడు. బరువు ఐదు కిలోలలోపే. నాకు ఈ కథంటే ఎంతో ఇష్టం.

తర్వాత వచ్చిన స్ట్రిప్ కనూలో సుమారు 6 మిల్లీమీటర్ల సెడార్ బద్దల్ని అంచుకు అంచు జిగురుతో అతికించి, లోపలా బయటా గాజుబట్ట పరిచి ఎపాక్సీ జిగురు పూస్తారు. పుట్టిలో బరువు మోసేది బద్దలు, నీటిని ఆపేది పైతొడుగు. కనూలో రెండూ కలిసి మోస్తాయి. బరువు తగ్గించాలని బద్దను 4.5 మిల్లీమీటర్లకు చిత్రిక పడితే ప్రమాదమే. బిగుతు మందం ఘనాన్ని బట్టి మారుతుంది కనుక, ఒట్టి చెక్క వరకు చూస్తే సగానికి పైగా పోతుంది. ఆ లోటు గాజుపొరలే తీర్చాలి. అందుకే బరువు తగ్గించాలంటే అనుభవం ఉన్నవాళ్లు ముందు ఎపాక్సీ మీద కన్నేస్తారు. బట్ట తడవడానికి మించినదాన్ని రబ్బరు పలకతో లాగేస్తారు, అది బలం ఇవ్వదు, బరువే ఇస్తుంది.

గండికోట నీళ్లకు మన చెక్కతో ఇలాంటిది కట్టి చూడాలని నా కోరిక. వెదురు బలమైనదే కానీ సెడార్ కన్నా బాగా బరువు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి ఎంతో తేలిక, అయితే మెత్తన. అంచులకు వెదురు, గోడలకు పొణికి వాడొచ్చు. పైపొర చిట్లితే పొణికి నీరు తాగుతుంది, ఈ ఒడ్డున రాళ్లకు కొదవ లేదు. కాబట్టి అడుగున గాజుబట్ట ఇంకో పొర వేయాల్సిందే, అక్కడ గ్రాములు లెక్క చూడకూడదు.