అన్నీ అమ్మ చేతికే!

రెండో ప్రపంచయుద్ధం రోజులు. పోలండ్‌లోని క్రాకోవ్‌లో సోల్వే రసాయనాల ఫ్యాక్టరీ. అక్కడ పనిచేసే ఓ యువకుడికి ఒకటే బెంగ... మరియమాతను మరీ ఇంతగా కొలిస్తే క్రీస్తుకు దూరమైపోతామేమో అని! ఆ సందేహం తీర్చింది ఫ్రెంచి గురువు లూయీ ద మోంఫోర్ (1673-1716) పుస్తకం. పెట్టెలో మరుగునపడిన దాని రాతప్రతి 1842లోగానీ బయటపడలేదు. మరియమ్మ గమ్యం కాదు, క్రీస్తు దగ్గరకు చేర్చే దారి అంటాడాయన.

మోంఫోర్ చెప్పిన సమర్పణకు 33 రోజుల ముందునుంచే సిద్ధం కావాలి. మొదటి 12 రోజులు లోక వ్యామోహాలు వదిలించుకోవడానికి. తర్వాత మూడు వారాలు తనను తాను, మరియను, క్రీస్తును తెలుసుకోవడానికి. చివరికి చేసేది కొత్త ప్రమాణమేం కాదు, జ్ఞానస్నానంనాటిదే. కాకపోతే అమ్మ సాక్షిగా! ఆస్తిపాస్తులతోపాటు చేసుకున్న పుణ్యాన్నీ ఆమెకే ఇచ్చేయాలి. ఎవరికి అవసరమైతే వాళ్లకు ఆమే పంచుతుంది. డబ్బైతే ఇవ్వొచ్చు, పుణ్యం వదులుకోవడమంటే మాటలా!

ఇందుకు మోంఫోర్ వాడిన 'బానిస' అన్న మాట ఇప్పటివాళ్లకు మింగుడుపడదు. 'సమర్పణ' అసలు దేవుడికే చెల్లుతుందని 2001లో వాటికన్ మార్గదర్శకాలూ గుర్తుచేశాయి. అందుకే 'అప్పగించుకోవడం' అన్న మాట వాడుకలోకొచ్చింది.

ఆ ఫ్యాక్టరీ కుర్రాడే 1978లో పోప్ రెండో జాన్‌పాల్ అయ్యారు. 'తోతుస్ తూస్' (పూర్తిగా నీవాణ్ని) అన్నదే ఆయన నినాదం. 1981 మే 13న తుపాకీ కాల్పుల నుంచి బతికి బయటపడ్డారు. 1984 మార్చి 25న ప్రపంచాన్నే ఆ తల్లికి అప్పగించారు. 2022లో సరిగ్గా అదే తేదీన, యుద్ధం సాగుతుండగా, పోప్ ఫ్రాన్సిస్ రష్యానూ ఉక్రెయిన్‌నూ కలిపి ఒకే ప్రార్థనలో ఆమె చేతుల్లో పెట్టారు.