నీటి మాత్రకు శరీరం చెప్పే జవాబు

ఉత్తర తెలంగాణలో రామగుండం, ఆదిలాబాద్ వంటి చోట్ల వేసవి ఎండ 45 డిగ్రీల దరికి చేరే రోజుల్లో, రక్తపోటుకో గుండె జబ్బుకో మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు (నీటి మాత్రలు) వాడుతున్నవారు ఉప్పునూ నీటినీ చెమట ద్వారా కొంత, మందు వల్ల మరికొంత కోల్పోతారు. ఈ నష్టాన్ని పూడ్చడానికి శరీరంలోని హార్మోన్లు ఏం చేస్తాయో తెలిస్తేనే ఆ మాత్రల మేలూ కీడూ అర్థమవుతాయి.

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, లీటరున్నర వరకే బయటికి పంపి, మిగిలినదంతా తిరిగి రక్తంలో కలుపుతాయి. సోడియం ఎటు పోతే నీరూ చాలావరకు అటే పోతుంది. ఫ్యూరోసెమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్తాలిడోన్ వంటి మందులు సోడియం రక్తంలోకి తిరిగి చేరే దారిని మూత్రనాళికల్లో అడ్డుకుంటాయి.

ఇలా సోడియం, నీరు బయటికి పోవడాన్ని శరీరం నష్టంగానే లెక్కగట్టి, మూత్రపిండాల నుంచి రెనిన్ అనే ఎంజైమును విడుదల చేస్తుంది. దాని వల్ల పుట్టే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగించడమే కాక, మూత్రపిండాలపైనున్న అడ్రినల్ గ్రంథుల చేత ఆల్డోస్టిరోన్ అనే హార్మోనును స్రవింపజేస్తుంది. 1953లో వేరుపరచిన ఈ హార్మోను సోడియంను నిలుపుతూ పొటాషియంను బయటికి పంపుతుంది. ఈ మందులు వాడే కొందరిలో కాళ్ల పిక్కలు పట్టేయడానికీ, నీరసానికీ, ఒక్కోసారి గుండె లయ తప్పడానికీ ఈ పొటాషియం లోటు ఒక కారణం. ఆల్డోస్టిరోన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్‌నో, యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే టెల్మిసార్టాన్‌నో వైద్యులు జతచేయడానికి ఇదీ ఒక కారణం. అలా జతచేసినదాన్ని అనవసరపు మందుగా భావించడం పొరపాటు.

ఈ నష్టానికి స్పందించే మరో హార్మోను, మెదడు నుంచి వెలువడే వాసోప్రెసిన్, నీటిని నిలుపుతుంది. ఫ్యూరోసెమైడ్ మూత్రాన్ని చిక్కబరిచే శక్తినే తగ్గిస్తుంది కనుక వాసోప్రెసిన్ పని అంతగా సాగదు; హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి థయాజైడ్ రకం మందులు ఆ శక్తిని చెడగొట్టవు కనుక నీరు నిలిచి, రక్తంలో సోడియం పలచబడవచ్చు. ముఖ్యంగా వృద్ధులు ఎండకు భయపడి ఉత్త నీళ్లు అతిగా తాగితే తల తిరగడం, అయోమయం, చివరికి స్పృహ తప్పడం దాకా రావచ్చు.

అందువల్ల ఈ మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనూ, మోతాదు మారినప్పుడూ రక్తంలో సోడియం, పొటాషియం, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోవాలి. వాంతులో విరేచనాలో పట్టుకున్నప్పుడు మాత్ర వేసుకోవాలో ఆపాలో సొంతంగా తేల్చుకోక వెంటనే వైద్యుణ్ణి అడగాలి.