టెక్సాసు రాష్ట్రమున నేరముల మెట్లు



అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెక్సాసు అనునది ఒక పెద్ద రాష్ట్రము. అందలి డల్లాసు, హ్యూస్టను ప్రాంతములలో మన తెలుగువారు వేలకొలదిగా కాపురములు పెట్టుకొనియున్నారు. వారి ఉద్యోగములు, ఇండ్లు, జీతములు మన రచ్చబండలమీద నిత్యము చర్చకు వచ్చునవే. కాని అక్కడి శిక్షాశాసనము ఎట్టిదని ఎవరును విచారింపరు. చదువుకొన బోయిన పిల్లవాడెవడో దుకాణమున చేతివాటము చూపి పట్టుబడెననియు, వానిమీద 'ఫెలనీ' మోపిరనియు ఏ అర్ధరాత్రియో టెలిఫోను వచ్చినప్పుడు, ఆ మాటకు అర్థము చెప్పగలవాడు ఊరిలో దొరకుట కష్టము. ఆ మాటను గూర్చియే నేను నేడు విన్నవింపబూనితిని.

ఈ పదము ఇంగ్లండున పుట్టినది. పూర్వ మక్కడ ఫెలనీ రుజువైనవాని భూమియు సొత్తును అన్యాక్రాంతమై పోయెడివి. ఆ ఆచారమును 1870లో రద్దు చేసిరి. ఫెలనీ అను విభాగమునే 1967లో తీసివేసిరి. పుట్టినింట నశించిన మాట సముద్రము దాటి అమెరికాలో మాత్రము నిలిచియున్నది. మన దేశమున 1860 నాటి పీనల్ కోడునందు గాని, 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయందు గాని ఇట్టి విభాగము లేదు. కొందరు ఫెలనీ యనగా జామీను దొరకని కేసని చెప్పుచుందురు. అది సరికాదు. అక్కడ పెక్కు ఫెలనీలకు జామీను కలదు. మరణదండనకో, రాష్ట్రపు పెద్ద చెరసాలలో నిర్బంధమునకో తగిన నేరము ఫెలనీ. దానికి లోబడినది మిస్డిమీనరు. ఈ రెండవదానికి ఎంత పెద్దదైనను ఒక సంవత్సరమునకు మించి చెర లేదు.

అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క శిక్షాస్మృతి. న్యూయార్కువారు ఫెలనీలకు అక్షరములతో పేరులు పెట్టిరి. టెక్సాసువారు అయిదు మెట్లు కట్టిరి. అన్నిటికంటె క్రింది మెట్టు 'స్టేట్ జైలు ఫెలనీ'. దీనికి 180 దినములనుండి రెండు సంవత్సరముల చెర. దానిపైన మూడవ తరగతి, రెండునుండి పది యేండ్లు. రెండవ తరగతికి రెండునుండి ఇరువది యేండ్లు. మొదటి తరగతికి అయిదునుండి తొంబదితొమ్మిది యేండ్లు, లేదా యావజ్జీవము. ఈ నాలుగింటికిని పదివేల డాలర్లవరకు జరిమానా కూడ విధింపవచ్చును. అన్నిటికంటె పైమెట్టు 'కేపిటల్' నేరము. విధినిర్వహణలోనున్న పోలీసును చంపుట, కూలి పుచ్చుకొని చంపుట మొదలగు ఘోరహత్యలు దీనిక్రిందికి వచ్చును. వయసు వచ్చినవానికి మరణదండన, లేదా బ్రతికియుండగా విడుదల లేని చెర.

దండమును మెట్లుగా కట్టుట మనకు క్రొత్త కాదు. మనుస్మృతిలో ప్రథమ సాహసమునకు 250 పణములు, మధ్యమమునకు 500, ఉత్తమమునకు 1000 అని మూడంతరువులు కలవు. అయితే స్మృతులలో అపరాధి వర్ణమునుబట్టి దండము మారును. టెక్సాసు గ్రంథమున ఆ భేదము లేదు. గ్రంథమున లేదని మాత్రమే చెప్పుచున్నాను. ఆచరణ వేరు సంగతి.

ఇక ఒకే పని ఏ విధముగా మెట్లెక్కునో చూడుడు. దొంగతనమునకు ముఖ్యమైన కొలత సొత్తు వెల. 2015నుండి అమలులోనున్న లెక్క ప్రకారము నూరు డాలర్లలోపు వస్తువునకు జరిమానా మాత్రమే; అదియు 500 డాలర్లకు మించదు. రెండువేల అయిదువందల డాలర్లు చేరినచో ఫెలనీ యగును. ముప్పదివేలు చేరిన మూడవ తరగతి, మూడులక్షలు చేరిన మొదటి తరగతి. కాని పశువుల దొంగకు ఈ లెక్క చెల్లదు. వేయి డాలర్ల టెలివిజను పెట్టెను దొంగిలించినవానికి మిస్డిమీనరు. వేయి డాలర్ల ఆవును తోలుకొనిపోయినవానికి మూడవ తరగతి ఫెలనీ, పదియేండ్లవరకు చెర! మేకలు, గొఱ్ఱెలు పదిలోపైనచో స్టేట్ జైలు ఫెలనీ, పదియు అంతకు మించినచో మూడవ తరగతి. పశుసంపదతో పెరిగిన రాష్ట్రము గనుక ఆ పట్టింపు ఇంకను పోలేదు. మన రైతులకు ఇందులో వింత తోచదనుకొందును.

వెలకంటె భయంకరమైనది బలప్రయోగము. మన పిల్లవాడు ఏబది డాలర్ల వస్తువు తీసెననుకొందము. అంతటితో నిలిచినచో జరిమానాతో పోవును. పట్టుకొనవచ్చిన కాపలావానిని తెలిసియే త్రోసి నొప్పి కలిగించి పరుగెత్తెనా, అది దొంగతనము కాదు, దోపిడి. రెండవ తరగతి, ఇరువది యేండ్లవరకు చెర. ప్రాణాపాయకరమైన ఆయుధము చూపినచో మొదటి తరగతియే. దోచిన వస్తువు వెల ఇక్కడ లెక్కకు రాదు. అట్లే పరుల నివాసగృహమున దొంగిలించు తలపుతో చొరబడినచో, ఏమియు తీయకున్నను రెండవ తరగతి.

పూర్వపు శిక్షలున్నచో మెట్టు మరల మారును. విలియం రమ్మెల్ అనువాడు 1964, 1969, 1973 సంవత్సరములలో మూడు మోసములు చేసెను. మూడింటి మొత్తము 229 డాలర్ల 11 సెంట్లు. మూడవ ఫెలనీకి యావజ్జీవము తప్పదని నాటి టెక్సాసు శాసనము. అమెరికా సుప్రీంకోర్టు 1980లో అయిదుగురు ఒకవైపును నలుగురు మరియొకవైపును నిలువగా ఆ శిక్షను స్థిరపరచెను. ఆ తరువాత ఎనిమిది నెలలలో, తన ప్లీడరు సరిగా వాదింపలేదను కారణముచే వాడు విడుదలయ్యెను. నా మట్టుకు, ఆ నలుగురి పక్షమే న్యాయమని తోచుచున్నది. నేడు అట్టి మూడవ ఫెలనీకి సాధారణముగా ఇరువదియైదు యేండ్లు తక్కువ హద్దు.

ఫెలనీ కేసు నడచుటకు ముందు గ్రాండ్ జ్యూరీ యను పన్నెండుగురిలో తొమ్మండుగురు ఒప్పవలెను. విచారణయందు మరల పన్నెండుగురు జ్యూరీ. ముద్దాయి ముందుగా కోరినచో శిక్ష యెంతయో కూడ వారే నిర్ణయింతురు. అయితే పెక్కు కేసులు అంతవరకు రావు. ప్రభుత్వపు ప్లీడరుతో రాజీపడి నేరము ఒప్పుకొనుటతో ముగియును.

మనవారికి అసలు గండ మిక్కడనే యున్నది. 'డిఫర్డ్ అడ్జుడికేషన్' అను పద్ధతి యొకటి కలదు. ముద్దాయి నేరము నొప్పుకొనును. న్యాయాధిపతి తీర్పు చెప్పక, కొంతకాలము సత్ప్రవర్తనతో మెలగుమని షరతు పెట్టును. గడువు చక్కగా గడచినచో రాష్ట్ర శాసనము దృష్టిలో వానికి శిక్ష పడనట్లే. కుఱ్ఱవాడు బ్రతుకుజీవుడా యని సంతకము పెట్టును. కాని పరదేశీయుల నుంచుటయు పంపుటయు కేంద్రప్రభుత్వపు పని. ఒప్పుకోలు, దానితో షరతు ఉన్నచో కేంద్ర శాసనము దానిని శిక్షగనే ఎంచును. అంతేకాదు, కొన్ని దొంగతనపు నేరములకు ఒక్క సంవత్సరము చెర విధించి దానిని నిలిపివేసినను, రాష్ట్రము దానిని మిస్డిమీనరన్నను, కేంద్రము 'తీవ్రమైన ఫెలనీ' యని పేరు పెట్టి దేశమునుండి పంపివేయవచ్చును. టెక్సాసున పుట్టినవాడు శిక్ష పూర్తిచేసి మరల ఓటు వేయును. మనవాడు విమాన మెక్కవలసివచ్చును.

అందుచే 2010లో అమెరికా సుప్రీంకోర్టు, నేరము ఒప్పుకొనుటవలన దేశమునుండి పంపివేయబడు ప్రమాద మున్నచో ఆ సంగతి పరదేశీయుడగు కక్షిదారునకు చెప్పుట ప్లీడరు విధియని తీర్పు చెప్పినది. అర్ధరాత్రి టెలిఫోను వచ్చినప్పుడు జామీను సొమ్మెంత యని అడుగుట సహజమే. దానితోపాటు, ప్లీడరు ఈ సంగతి చెప్పెనా, పిల్లవాడు దేనిమీదనైన సంతకము పెట్టెనా యని కూడ అడుగుడు.