ఒక్క 'ఎఫ్' కోసం సుప్రీంకోర్టు దాకా

'రెడిఫ్' పేరు మోసిన వెబ్‌సైటు. మరో సంస్థ వచ్చి 'రాడిఫ్ డాట్ కామ్' తెరిచింది. 1999లో గొడవ బొంబాయి హైకోర్టుకెక్కింది. ఈ పేరెక్కడిదంటే, ఆ సంస్థ చెప్పిన లెక్క ఇది: రాడికల్‌లోంచి మొదటి మూడక్షరాలు, ఇన్ఫర్మేషన్‌లోంచి ఐ, ఫ్యూచర్‌లోంచి ఒక ఎఫ్, ఫ్రీలోంచి ఇంకో ఎఫ్. ఇంత శ్రమపడి కూర్చిన పేరు రెడిఫ్‌కు సరిగ్గా ఒక్క అక్షరం తేడాతో తేలడం యాదృచ్ఛికమంటే కోర్టు నమ్మలేదు. ఆ పేరు వాడొద్దంది.

బజారులో పేర్లకు సర్దుబాటుంది. లక్ష్మి పేరుతో ఊరికో బట్టల కొట్టు ఉన్నా ఎవరి గిరాకీ వారిదే. ఇంటర్నెట్‌లో ఆ వీల్లేదు. డాట్ కామ్ తగిలించిన ఒక పేరు ప్రపంచం మొత్తానికి ఒక్కరికే. ముందు అడిగినవాడికి చిన్నపాటి రుసుము కట్టించుకుని ఇచ్చేస్తారు. ఆ పేరు మీద నీకు హక్కేమిటని ఇచ్చేటప్పుడు ఎవరూ అడగరు. ఆ పని తర్వాత జడ్జి మీద పడుతుంది.

అదే 1999లో యాహూ ఢిల్లీ హైకోర్టుకెక్కితే, 'యాహూఇండియా డాట్ కామ్' వాళ్లు వేరే దారి తొక్కారు. యాహూ నిఘంటువులో ఉన్న మాటేననీ, నెట్ వాడేవాళ్లు తెలివైనవాళ్లు కాబట్టి పొరబడరనీ వాదించారు. రెండో ముక్క వినడానికి ముచ్చటగానే ఉంది గానీ, కోర్టు ఒప్పుకోలేదు.

అన్నిటికన్నా రంజైనది సిఫీ కేసు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే తన పేరును కుదించుకుని 'సిఫీ' అయింది. 1999లో అమెరికా నాస్‌డాక్ స్టాక్ ఎక్స్‌ఛేంజీకెక్కిన కంపెనీ అది. రెండేళ్లకు ఇంకొకరు మధ్యలో ఒక ఎఫ్ అదనంగా ఇరికించి 'సిఫ్ఫీనెట్' పేరు తీసుకున్నారు. అడిగితే, మా సంస్థ పెట్టిన అయిదుగురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే ఇదే వచ్చిందన్నారు. అయిదుగురూ సరిగ్గా ఆ అక్షరాలతోనే దొరకడం వాళ్ల అదృష్టం! బెంగళూరు సివిల్ కోర్టు పేరు వాడొద్దంటే, కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2004 మే 6న సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. అయిదుగురి కథకు ఒక్క కాగితమైనా చూపలేదు, అది నమ్మశక్యం కాదని తేల్చింది. ఇలాంటి వెబ్‌సైటు పేర్ల (డొమైన్ పేర్ల) కోసం మన దగ్గర ప్రత్యేక చట్టం లేకపోయినా, తన సరుకును ఇంకొకరి సరుకుగా చలామణీ చేయకూడదన్న పాత సూత్రం వాటికీ వర్తిస్తుందని చెప్పింది. వకీళ్ల భాషలో దీన్నే 'పాసింగ్ ఆఫ్' అంటారు.

ప్రతిసారీ కోర్టు మెట్లెక్కాల్సిన పనీ లేదు. 1999 నుంచి అంతర్జాతీయంగా మధ్యవర్తుల పద్ధతి ఉంది. ఫిర్యాదు చేసినవారు మూడు రుజువు చేయాలి: పేరు తమ ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉందని, ఎదుటివాడికి దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే తీసుకుని వాడుతున్నాడని. మూడోదే చిక్కు. దురుద్దేశానికి రసీదు ఉండదు కదా!

కెనడాలో 17 ఏళ్ల కుర్రాడు మైక్ రో తన పేరు చివర 'సాఫ్ట్' తగిలించి సైటు పెట్టాడు. పలికితే అచ్చం మైక్రోసాఫ్టే. పేరు వదిలేస్తే 10 డాలర్లు ఇస్తామంది కంపెనీ. 10,000 ఇవ్వమన్నాడు అతను. బేరమాడాడు కనుక దురుద్దేశమేనని కంపెనీ పట్టుకుంది. 2004లో సంగతి బయటికి పొక్కి జనం కుర్రాడి పక్షాన నిలవడంతో కంపెనీ తగ్గి, ఎక్స్‌బాక్స్ లాంటి కానుకలిచ్చి రాజీపడింది.

బేరం మన దగ్గరా నడిచింది. ఢిల్లీ కుర్రాడొకడు జియో, హాట్‌స్టార్ కలుస్తాయని ముందే ఊహించి 'జియోహాట్‌స్టార్ డాట్ కామ్' కొని పెట్టుకున్నాడు. 2024లో తన కేంబ్రిడ్జి చదువు ఖర్చు భరిస్తే ఇచ్చేస్తానని రిలయన్స్‌ను బహిరంగంగానే అడిగాడు. ఫలించలేదు. అతని నుంచి ఆ పేరు దుబాయిలో ఉంటున్న ఇద్దరు పిల్లల చేతికి చేరింది. వాళ్లు ఉచితంగా ఇస్తామన్నారు.

అసలైన పేరు ఉన్నవాడి కథ మాత్రం వేరు. ఉజి నిస్సాన్‌కు 'నిస్సాన్' ఇంటిపేరు. 1980లో అమెరికాలో కార్ల రిపేరు పనికి ఆ పేరు పెట్టుకున్నప్పుడు, జపాన్ కార్ల కంపెనీ నిస్సాన్ అక్కడ ఇంకా 'డాట్సన్' పేరుతోనే కార్లు అమ్ముతోంది. 1994లో ఆయన 'నిస్సాన్ డాట్ కామ్' తీసుకుంటే, 1999లో కంపెనీ కోటి డాలర్లకు దావా వేసింది. ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యంలో ఆయన డబ్బు నీళ్లలా ఖర్చయింది గానీ, పేరు చేజారలేదు. 2020లో చనిపోయేదాకా ఆయన దగ్గరే ఉంది. కార్ల కంపెనీ అమెరికాలో 'నిస్సాన్‌యూఎస్ఏ డాట్ కామ్'తో సరిపెట్టుకుంది.