కోడ్ రాతకు కట్టుబాట్లెందుకు?

ఓపెన్ సోర్స్ అంటే మూల కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని తిరిగి పంచవచ్చు. 1991లో ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఇటువంటిదే. మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచేది ఆ లినక్స్ కెర్నలే. 2005లో 'స్వేచ్ఛ' పేరుతో వచ్చిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా అదే పునాది.

కంప్యూటర్స్ గ్రూపు తీసుకున్న మన హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక సందేహం ఉంటుంది. అంత పెద్ద పనిలోకి కొండ మీది వాళ్ళను రానిస్తారా అని. రానిస్తారు. మార్పు పంపినవారిది పాడేరా, ముంచంగిపుట్టా, వాళ్ళ కాలేజీ ఏది, ఇంగ్లీషు ఎలా మాట్లాడతారు అని ఎవరూ అడగరు. పంపిన కోడ్‌ను మాత్రం నిశితంగా చూస్తారు. అది ఎలా రాయాలో ముందే ఒక పత్రంలో పెట్టి ఉంచుతారు. దానినే కోడింగ్ స్టైల్ అంటారు. చాలా మంది కొత్తవారి మొదటి ప్రయత్నం వెనక్కి వచ్చేది తెలివి చాలక కాదు, ఆ పత్రం చదవక.

లినక్స్ కెర్నల్ పత్రంలో ఏముందో చూడండి. ఒక మెట్టు లోపలికి జరపాలంటే ట్యాబ్ వాడాలి, అది 8 అక్షరాల వెడల్పు. మూడు మెట్లు దాటి లోపలికి పోవలసి వస్తే ఆ ప్రోగ్రామ్‌నే సరిదిద్దుకోవాలి. వరుస 80 అక్షరాల లోపు ఉంటే మేలు (తనిఖీ చేసే సాధనం 2020 నుంచి 100 దాకా ఊరుకుంటోంది). ఫంక్షన్ చిన్నదిగా ఉండి ఒకే పని చేయాలి. ఆ పత్రం మొదట్లోనే టోర్వాల్డ్స్ గారి చమత్కారం ఒకటి ఉంది: గ్నూ ప్రాజెక్టు వారి నియమాలను అచ్చు తీసి, చదవకుండా తగలబెట్టమంటారు! గ్నూ వారిది రెండు ఖాళీల పద్ధతి, పైథాన్ వారిది నాలుగు ఖాళీలు. ఏది గొప్ప అన్న వాదన ఎన్నటికీ తెగదు, మనకు అక్కరలేదు కూడా. ఎవరి ప్రాజెక్టుకు పంపుతున్నామో వారి పద్ధతి పాటించాలి, అంతే.

ఖాళీలు ఎన్ని పెడితే ఏమిటి, కంప్యూటర్‌కు అర్థమైతే చాలదా అని అడగవచ్చు. సీ భాషలో కంపైలర్ ఖాళీలను లెక్కచేయదన్నది నిజమే. చదివే మనిషి మాత్రం వాటిని చూసే అర్థం చేసుకుంటాడు. ఈ రెంటి మధ్య తేడా వస్తే ఏమవుతుందో 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ విషయంలో లోకం చూసింది. ఫోను మాట్లాడుతున్న సర్వర్ అసలుదా నకిలీదా అని తేల్చే కోడ్ అది. వరుసగా కొన్ని పరీక్షలు ఉంటాయి. ఏది తప్పినా 'గోటూ ఫెయిల్', అంటే 'ఫెయిల్ అనే చోటికి దూకు' అని ఆజ్ఞ. ఒకచోట ఆ వరుస పొరపాటున రెండుసార్లు పడింది. మొదటిది 'ఇఫ్' షరతుకు చెందినది. రెండోదానికి ఏ షరతూ లేదు, ప్రతిసారీ నడుస్తుంది. కానీ రెండూ ఒకే వరసలో లోపలికి జరిపి ఉన్నాయి కనుక చూసినవారికి రెండూ ఆ షరతు కిందివే అనిపించాయి. ఫలితంగా అసలైన చివరి పరీక్ష జరగకుండానే బయటికి దూకడం, అప్పటిదాకా తప్పేమీ నమోదు కాలేదు కాబట్టి 'అంతా సరిగానే ఉంది' అని చెప్పడం! అదే నెట్‌వర్క్‌లో కూర్చున్న దొంగ నకిలీ సర్వర్ పెట్టి మన పాస్‌వర్డ్ చదవగలిగే స్థితి. ఫిబ్రవరి 21న ఆపిల్ హడావిడిగా సవరణ విడుదల చేసింది.

ఒక్క వరుస ఉన్నా మీసాల బ్రాకెట్లు పెట్టాలన్న నియమం పాటించి ఉంటే, రెండో వరుస కూడా ఆ బ్రాకెట్ల లోపలే ఉండి హాని చేసేది కాదు. ఇందులో తమాషా ఏమిటంటే, ఒక్క వరుసకు బ్రాకెట్లు వద్దని కెర్నల్ పత్రం ఇప్పటికీ అంటుంది. ఈ ఒక్క విషయంలో నా ఓటు బ్రాకెట్లకే.

2016లో జీసీసీ ఆరో వెర్షన్‌లో ఇలాంటి మోసపు వరుసను పట్టి హెచ్చరించే సౌకర్యం చేర్చారు. జీసీసీ అంటే మన ఏజెన్సీలో చింతపండు, పసుపు, కాఫీ కొనే గిరిజన సహకార సంస్థ అనుకునేరు! ఇది గ్నూ కంపైలర్ కలెక్షన్.

తెలుగువారికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పైథాన్ నియమాల్లో (వీటిని పెప్ 8 అంటారు, 2001 నాటివి) వరుసకు 79 అక్షరాల హద్దు ఉంది. మరి 'క్షే' ఎన్ని అక్షరాలు? మన కంటికి ఒకటి. యూనికోడ్‌లో క, పొల్లు, ష, ఏత్వం కలిపి నాలుగు సంకేతాలు. యూటీఎఫ్-8లో దాచితే పన్నెండు బైట్లు. బైట్లు లెక్కించే సాధనమైతే మన చిన్న తెలుగు వాక్యాన్ని కూడా హద్దు మీరిందంటుంది. ఇంకో సంగతి. 2008లో వచ్చిన పైథాన్ 3లో వేరియబుల్‌కు 'ధర' అని తెలుగులోనే పేరు పెట్టవచ్చు, నడుస్తుంది. కానీ పైథాన్ సొంత లైబ్రరీలో పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలోనే ఉండాలని పెప్ 8 చెబుతుంది. ఇది నాకు కొంచెం కష్టంగానే తోస్తుంది. అయినా కారణం కాదనలేనిది: రేపు అందులో తప్పు దిద్దవలసినవాడు బ్రెజిల్‌లో ఉండవచ్చు. తెరమీద మనవాళ్ళకు కనిపించే మాటలు తెలుగులో ఉండటానికి అనువాదపు ఫైళ్ళు విడిగా ఉంటాయి, అక్కడ తెలుగువారి అవసరం చాలా ఉంది.

అన్ని ప్రాజెక్టులకూ దాదాపు సమానమైన నియమం, ఒక ప్యాచ్‌లో ఒకే పని. రెండు వరుసల తప్పు దిద్దుతూ, పనిలో పనిగా ఫైలంతటా ఖాళీలు సర్ది పంపితే, పరిశీలకుడికి 300 వరుసలు మారినట్టు కనిపిస్తాయి. అసలు మార్పు ఆ గుట్టలో పోతుంది. అతను జీతం లేకుండా రాత్రిపూట కూర్చుని చూస్తున్నవాడు కూడా కావచ్చు.

మొదలుపెట్టేవారు ముందుగా ప్రాజెక్టులో 'కంట్రిబ్యూటింగ్' అనే ఫైలు వెతకండి. పైథాన్‌కు 'బ్లాక్', గో భాషకు 'గోఫ్మ్‌ట్' అనే సాధనాలు కోడ్‌ను వాటంతట అవే సర్దిపెడతాయి. కెర్నల్‌కైతే స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో 'చెక్‌ప్యాచ్' ఉంది, పంపేముందు దానితో ఒకసారి చూసుకోవాలి. కెర్నల్ ప్యాచ్‌లు ఈమెయిల్‌లో వెళ్తాయి. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి అతికిస్తే ట్యాబులన్నీ ఖాళీలుగా మారిపోయి ప్యాచ్ పనికిరాకుండా పోతుంది. 'గిట్ సెండ్-ఈమెయిల్' వాడండి. ముందు మీ చిరునామాకే ఒక కాపీ పంపుకుని, ట్యాబులు ట్యాబులుగానే వచ్చాయో లేదో చూసుకున్నాక వాళ్ళకు పంపండి.