నక్కకు ఎర, బొఱియ

మిగిలిన మాంసమును మంటిలో పూడ్చి దాచుకొనుట నక్కకు సహజము. మఱియొక జంతువు దాచినదానిని వాసనపట్టి త్రవ్వి తినుటయు సహజమే. ఉత్తర అమెరికాలో ఎఱ్ఱనక్కను, కయోటీ యను చిన్న తోడేలువంటి మృగమును పట్టువారి యుపాయమున కీ యలవాటే మూలము.

వేటగాడు గడ్డిదుబ్బు మొదట జానెడు లోతున ఏటవాలుగా బొఱియ త్రవ్వి, అడుగున మాంసపు టెర నుంచును. ఎర వాసనను గాలి జంతువులు నడుచు బాటవైపునకు గొనిపోవలెను. బొఱియ ముందు, కాలిని పట్టు ఇనుపబోనును కదలకుండ పాతి, జల్లించిన మన్ను పలుచగా కప్పును. బోను కదలినను, మనుష్యుని వాసన సోకినను మృగము శంకించి తొలగిపోవును. అందుచే చేతొడుగులు లేక పని చేయడు.

ఇంత నేర్పుతో పెట్టినను, బోనునకు నక్క యేదో పెంపుడు కుక్క యేదో తెలియదు. చిక్కిన ప్రాణి వేటగాడు వచ్చువఱకు బాధపడుచుండును. కావున అనుదినము బోనులను చూచి రావలెనని అచ్చటి పెక్కు రాష్ట్రముల చట్టములు విధించుచున్నవి. కాలిఫోర్నియా 2019లో వినోదమునకును, బొచ్చుతోళ్ల వర్తకమునకును బోను పెట్టుటనే మాన్పించినది. మన దేశమున నక్కవేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము.

ప్రాణి యాకలినే ఎరగా జేసినవాడు, దాని బాధ విషయమై నిర్లక్ష్యముగా నుండరాదు.