పోకో ఎఫ్1 ఫ్యాన్స్ గ్రూపులో ఒక రాత్రి: "ఫార్మాట్ కొట్టకు తమ్ముడూ!"

పోకో ఎఫ్1 గుర్తుందా ఫ్రెండ్స్? 2018 ఆగస్టులో స్నాప్‌డ్రాగన్ 845తో 20,999 రూపాయలకే దిగింది. అదే ప్రాసెసర్ ఉన్న వన్‌ప్లస్ 6 అప్పట్లో 34,999. వెనకాల ప్లాస్టిక్, ముందు ఇంత నాచ్. అయినా జనం ఎగబడ్డారు. పైగా బూట్‌లోడర్ అన్‌లాక్ చేసినా వారంటీ పోదని కంపెనీయే చెప్పింది. ఇంకేముంది, కస్టమ్ రామ్‌లు పుట్టగొడుగుల్లా వచ్చాయి.

మాది వేంసూరు. బీటెక్ థర్డ్ ఇయర్‌లో సెకండ్ హ్యాండ్‌లో ఈ ఫోన్ కొని, తెలుగు పోకో ఫ్యాన్స్ ఉండే ఒక టెలిగ్రామ్ గ్రూపులో చేరా. అక్కడ మర్యాదగా మాట్లాడితే కొత్తోడని తెలిసిపోతుంది. "అన్నా, అప్‌డేట్ ఎప్పుడు?" అని అడిగితే "నీ పెళ్లికి" అంటారు. "బ్యాటరీ ఎంతొస్తుంది?" అంటే పది బ్రహ్మానందం స్టిక్కర్లు. ఒకడు ఐఫోన్ కొన్నానని ఫోటో పెట్టాడు. అప్పట్లో టెలిగ్రామ్‌లో టైటిల్ ఇవ్వాలంటే అడ్మిన్ అయ్యుండాలి కదా, వాడిని అడ్మిన్ చేసి మరీ "ద్రోహి" అని టైటిల్ ఇచ్చారు. ఇప్పటికీ అదే ఉంది.

ఇక నా సంగతి. ఒక రాత్రి బ్యాకప్ లేకుండా కొత్త రామ్ ఫ్లాష్ చేశా. బూట్‌లూప్. రికవరీలోకి వెళ్తే స్టోరేజ్ 0 ఎంబీ చూపిస్తోంది. ఫార్మాట్ డేటా కొడితే ఫోన్ బాగవుతుంది, అది నాకూ తెలుసు. కానీ అందులో మా తాతయ్య కాల్ రికార్డింగ్స్ ఉన్నాయి. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

గ్రూపులో ఒక్క లైన్ పెట్టా. అప్పటిదాకా నన్ను "పేపర్ వెయిట్ ఓనర్" అని ఆడుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా ఆగారు. "ఏమీ నొక్కకు. ఫార్మాట్ కొట్టకు తమ్ముడూ" అన్నాడు డల్లాస్ అన్న. డేటా ఎక్కడికీ పోలేదు, ఎన్‌క్రిప్షన్ వల్ల రికవరీకి కనపడట్లేదంతే అని చెప్పాడు. పాత ఆండ్రాయిడ్ వెర్షన్‌కి సరిపోయే ఫర్మ్‌వేర్, రికవరీ లింకులు కరీంనగర్ అన్న వెతికిచ్చాడు. మా ఊళ్లో నెట్ నత్తనడక, పైగా మధ్యలో కరెంటు పోయింది. డౌన్‌లోడ్ అయ్యేసరికి రెండు దాటింది. ఇద్దరూ కాల్‌లోనే ఉన్నారు, ఒక్కో కమాండ్ చదివించుకుంటూ.

రికవరీ ఈసారి పిన్ అడిగింది. కొట్టా. ఫోల్డర్లు కనపడ్డాయి. కేబుల్ పెట్టి లాప్‌టాప్‌లోకి కాపీ చేసి, ఒక రికార్డింగ్ ప్లే చేశా. "ఏరా, అన్నం తిన్నావా?" కాల్‌లో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి కరీంనగర్ అన్నే "తిన్నానని చెప్పురా" అన్నాడు.

ఇప్పుడు ఎఫ్1 కొనమని ఎవరికీ చెప్పను. అఫీషియల్ అప్‌డేట్స్ ఆండ్రాయిడ్ 10తోనే ఆగిపోయాయి, కస్టమ్ రామ్‌లో బ్యాంకింగ్ యాప్స్ గొడవ వేరే. గ్రూపులో సగం మంది దగ్గర ఆ ఫోనే లేదు. గ్రూపు మాత్రం నడుస్తోంది. ప్రతి ఆదివారం డల్లాస్ అన్న నన్ను ట్యాగ్ చేసి "బ్యాకప్?" అంటాడు. స్క్రీన్‌షాట్ పెట్టాలి. లేటైతే స్టిక్కర్లు మొదలు.